పట్టూ విడుపూ

పుట్టినరోజు ఒకప్పుడు తెలుగువారి ఇళ్ళలో ఉదయపు వేడుక. తెల్లవారుజామునే పిల్లవాడికి తలంటి పోసి, అంచుకు పసుపు రాసిన కొత్త బట్టలు తొడిగి, పీట మీద కూర్చోబెట్టి హారతి ఇచ్చేవారు. పెద్దలు అక్షతలు చల్లి దీవించేవారు. ఇంట్లో పరమాన్నం వండి ఇరుగుపొరుగు పిల్లలకు తలా ఒక గిన్నెడు పంచేవారు. మధ్యాహ్నానికి ఆ పిల్లలందరూ వీధిలోనో, పెరట్లోనో ఆటలో మునిగిపోయేవారు. ఆ ఆటలను ఎవరూ ఏర్పాటు చేసేవారు కాదు, ఎవరూ దగ్గరుండి నడిపించేవారూ కాదు. వేడుక పెద్దలది, ఆట పిల్లలది అన్నట్టుగా ఆ రోజు సాగిపోయేది.

కాలక్రమంలో ఉదయపు వేడుక సాయంత్రానికి మారింది. కేకు వచ్చింది, కొవ్వొత్తులు వచ్చాయి, రంగురంగుల బుడగలు వచ్చాయి. తరువాత పట్టణాలలో ఆ వేడుక ఇల్లు దాటి అద్దె మందిరాలకు చేరింది. అక్కడ వేదిక ఉంటుంది, దీపాల వెలుగు ఉంటుంది, మైకు పట్టుకొని పిల్లలచేత గంతులు వేయించే వ్యాఖ్యాత ఉంటాడు. గారడీ చేసేవాడు వస్తాడు, ఫొటోలు తీసేవాడు వస్తాడు. వేడుక అంతా పిల్లల చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తుంది గాని, నిజానికి పిల్లలు అక్కడ చూపరులు మాత్రమే. పిల్లలకు పండుగ చేయడమంటే వారికి ఏదో ఒకటి చూపించడమా? లేక వారి చేతికి ఏదైనా అందించి పెద్దలు కొంచెం పక్కకు తప్పుకోవడమా?

విజయవాడలో ఒక మధ్యతరగతి కుటుంబానికి ఈ ప్రశ్న ఎదురైంది. ఆ ఇంటి తండ్రి కళాశాలలో గణితం బోధిస్తాడు. తల్లి బ్యాంకు ఉద్యోగిని. వారికి ఒక్కడే కొడుకు. ఆ పిల్లవాడికి ఏడేళ్ళు నిండబోతున్నాయి. పుట్టినరోజు ఎలా చేయాలని అడిగితే వాడు క్షణమైనా ఆలోచించకుండా, "ఇటుకల పుట్టినరోజు కావాలి" అన్నాడు. వాడు కోరింది లెగో ఇటుకల సంగతి. బొడిపెలున్న ఆ చిన్న చిన్న రంగు ఇటుకలే వాడికి లోకం. బడి నుంచి రాగానే వాటిని చాప మీద గుమ్మరించుకొని కూర్చుంటే అన్నానికి పిలిచినా పలకడు.

తండ్రి అద్దె మందిరం వారిని విచారించి వచ్చాడు. ఇటుకల బొమ్మలు వేసిన తెరలు కడతారట, ఇటుక ఆకారంలో కేకు తెస్తారట, ఇటుకమనిషి వేషం వేసుకున్న వ్యక్తి వచ్చి పిల్లలతో కరచాలనం చేస్తాడట. అంతా విన్న నాయనమ్మ ఒక చిన్న సందేహం వెలిబుచ్చింది. "అన్నీ ఉన్నాయి గానీ, పిల్లలు ఆడుకోవడానికి ఇటుకలు ఏవీ నాయనా?" అని అడిగింది. తండ్రి వద్ద సమాధానం లేదు. వేడుక ఇంట్లోనే చేయాలని ఆ పూటే నిశ్చయమైంది.

చూడటానికి అల్పంగా కనిపించే ఈ ఆటవస్తువు వెనుక ఒక వడ్రంగి జీవితం ఉంది. డెన్మార్కు దేశంలోని బిల్లుండ్ అనే పల్లెలో ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి ఉండేవాడు. 1924లో ఆయన కార్ఖానా అగ్నికి ఆహుతయింది. తిరిగి నిలబడేసరికి ప్రపంచమంతటా ఆర్థికమాంద్యం అలముకుంది. ఇళ్ళు కట్టించుకునేవారు లేక పని కరువైంది. 1932లో ఆయన కొయ్య బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. అదే సంవత్సరం భార్య మరణించింది. నలుగురు కొడుకుల పెంపకం ఆయన మీద పడింది. 1934లో తన సంస్థకు 'లెగో' అని పేరు పెట్టాడు. డేనిష్ భాషలో 'చక్కగా ఆడు' అనే అర్థమిచ్చే రెండు పదాల తొలి అక్షరాలను కలిపితే ఆ పేరు వచ్చింది.

పనిలో ఆయన పట్టింపు ఎలాంటిదో తెలిపే ఉదంతం ఒకటి ప్రచారంలో ఉంది. కొడుకు గోట్‌ఫ్రెడ్ ఒకసారి కొయ్య బాతులకు మూడు పూతలకు బదులు రెండు పూతల వార్నిషుతోనే సరిపెట్టి, సంస్థకు డబ్బు ఆదా చేశానని సంతోషంగా చెప్పాడట. తండ్రి వెంటనే ఆ పెట్టెను రైలు స్టేషను నుంచి వెనక్కు తెప్పించి, మూడో పూత కూడా వేసిన తరువాతనే పంపమన్నాడట. పిల్లల వస్తువే కదా అని తక్కువ చేయకూడదన్నది ఆయన నియమం.

1942లో కార్ఖానా మరొకసారి తగలబడింది. ఆయన మళ్ళీ కట్టాడు. 1946లో ప్లాస్టిక్కును అచ్చుపోసే యంత్రాన్ని కొన్నాడు. అప్పటికే ఇంగ్లండులో హిల్లరీ ఫిషర్ పేజ్ అనే వ్యక్తి ఒకదానిపై ఒకటి అమరే ప్లాస్టిక్కు ఇటుకలను రూపొందించి ఉన్నాడు. వాటిని చూసి, మార్పులు చేసి 1949లో డెన్మార్కు ఇటుకలను తయారుచేశారు. అయితే వాటి అడుగుభాగం బోలుగా ఉండేది. ఒకదానిపై ఒకటి నిలిచేవి గాని గట్టిగా పట్టుకునేవి కావు. చేయి తగిలితే కట్టడం విడిపోయేది. ఆ లోపాన్ని సరిదిద్దడానికి దాదాపు తొమ్మిది సంవత్సరాలు పట్టింది. ఇటుక అడుగున గుండ్రని గొట్టాలను అమర్చారు. కింది ఇటుక బొడిపెలు ఆ గొట్టాలకూ, పక్క గోడలకూ నడుమ బిగుసుకుంటాయి. 1958 జనవరి 28న ఈ ఏర్పాటుకు పేటెంటు కోరుతూ దరఖాస్తు చేశారు. ఆ మార్చి నెలలోనే వృద్ధ వడ్రంగి కన్నుమూశాడు. సంస్థ బాధ్యత, ఒకనాడు రెండు పూతలతో సరిపెట్టబోయిన ఆ కొడుకు భుజాలకెక్కింది.

ఆ గొట్టాలు సాధించిన ఫలితాన్ని తెలుగులో చెప్పాలంటే 'పట్టూ విడుపూ' అనే జంటపదమే తగినది. పట్టు మరీ తక్కువైతే కట్టింది నిలవదు. పట్టు మరీ ఎక్కువైతే విడదీయడం చిన్న చేతులకు సాధ్యం కాదు. జిగురుతో అతికిస్తే అది బొమ్మ అవుతుందే గాని ఆట కాదు. కట్టినప్పుడు నిలవాలి, విడదీసినప్పుడు విడిపోవాలి. ఆ రెండింటి నడుమ ఉన్న సన్నని గీతను పట్టుకోవడమే ఆ ఇటుక గొప్పతనం. కొలతలలో ఎంతటి నిలకడ పాటించారంటే 1958 నాటి ఇటుక నేటి ఇటుకతో ఇప్పటికీ చక్కగా అమరుతుంది. పేటెంటు గడువు తీరిన తరువాత ఇతర సంస్థలు కూడా అవే కొలతలతో ఇటుకలు చేస్తున్నాయి.

ఇలాంటి వస్తువులతో పిల్లలకు చదువు చెప్పవచ్చునన్న ఆలోచన అంతకన్నా పాతది. 1840లో 'కిండర్‌గార్టెన్' అనే పేరుతో శిశువిద్యకు రూపమిచ్చిన జర్మన్ విద్యావేత్త ఫ్రోబెల్, పిల్లలకు చిన్న చిన్న కొయ్య దిమ్మెలను ఇచ్చేవాడు. ఎనిమిది చిన్న ఘనాలు కలిస్తే ఒక పెద్ద ఘనం అవుతుంది. పిల్లలు దానిని విడదీసి కుర్చీగా, మెట్లుగా, గోడగా మార్చేవారు. ఒక రూపాన్ని కూలదోయకుండా దానిలో నుంచే మరొక రూపాన్ని తీయడం అక్కడి పద్ధతి. ఆట ముగిశాక దిమ్మెలన్నీ మళ్ళీ పెద్ద ఘనంగా కలిసి పెట్టెలోకి చేరాలి. ప్రఖ్యాత అమెరికన్ వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ బాల్యంలో తల్లి ఇచ్చిన ఈ దిమ్మెలతోనే ఆడుకున్నాడు. వాటి స్పర్శ తన వేళ్ళలో నిలిచిపోయిందని ఆయన తరువాతి కాలంలో చెప్పుకున్నాడు.

నాయనమ్మకు ఈ చరిత్ర తెలియదు. కానీ ఆమె బాల్యంలోనూ కట్టడాలు లేకపోలేదు. కృష్ణ ఒడ్డున తడి ఇసుకలో పాదం పెట్టి, దాని మీద ఇసుకను మెత్తి, మెల్లగా పాదాన్ని లాగితే పిచ్చుకగూడు నిలిచేది. పాదం లాగే నేర్పు లేనివారి గూడు కూలేది. ఏడు పెంకులను పేర్చి బంతితో పడగొట్టి, దెబ్బ తగలకుండా తప్పించుకుంటూ మళ్ళీ పేర్చే ఆటలో గెలుపంతా తిరిగి నిలబెట్టడంలోనే ఉండేది. బొమ్మల కొలువులో మెట్లమీద కొండపల్లి బొమ్మలను నిలిపి, నేలమీద ఇసుకపోసి ఊరు కట్టి, బావి తవ్వి, అద్దం ముక్కతో చెరువు చేసేవారు. "మీ ప్లాస్టికు ఇటుకలు కొత్తవి గానీ, మీ ఆట కొత్తది కాదురా కన్నా" అని ఆమె మనుమడితో అనేది.

వేడుకకు వారం రోజుల ముందు నుంచే ఏర్పాట్లు మొదలయ్యాయి. పిల్లలందరికీ చాలినన్ని ఇటుకలు ఇంట్లో లేవు. కొత్తవి కొనాలంటే ఖర్చు తలకు మించినది. తల్లి ఒక ఉపాయం ఆలోచించింది. తెలిసిన మూడు ఇళ్ళవారిని అడిగి వారి పిల్లల ఇటుకలను ఒక్క సాయంత్రానికి ఎరువు తెచ్చింది. ఎవరింటివి ఎన్నో తండ్రి కాగితం మీద లెక్క రాసుకున్నాడు. గోరువెచ్చని సబ్బునీటిలో వాటిని కడిగి పాత పంచె మీద ఆరబోశారు. మరీ వేడినీరు పోస్తే ఆ ప్లాస్టిక్కు వంకర తిరిగి పట్టు చెడుతుంది.

అలంకరణకు కొన్నది అంతంత మాత్రమే. కిరాణా దుకాణం నుంచి తెచ్చిన ఖాళీ అట్టపెట్టెలకు ఎరుపు, పసుపు, నీలం రంగు కాగితాలు అంటించారు. వాటి మీద సీసా మూతలను రెండు వరసలుగా అతికిస్తే అవి పెద్ద ఇటుకల్లా కనిపించాయి. గుమ్మానికి మామిడి తోరణం కట్టి, దాని పక్కన ఆ ఇటుకలతో రెండు స్తంభాలు నిలిపారు. కేకు బదులు నాయనమ్మ మైసూరుపాకు చేస్తానంది. దీర్ఘచతురస్రాకారంలో ముక్కలు కోసి, ఒక్కొక్క ముక్క మీద ఎనిమిది జీడిపప్పు పలుకులు రెండు వరసలుగా అద్దితే తినే ఇటుక సిద్ధమైంది. పిల్లవాడి ముచ్చట కోసం ఒక చిన్న కేకు కూడా చేయడానికి తల్లి ఒప్పుకుంది.

పిలవవలసినవారి జాబితాను పిల్లవాడే రాశాడు. బడిలోని స్నేహితులు, భవనంలోని పిల్లలు కలిసి పదిమంది. నాయనమ్మ ఆ జాబితాను చదివించుకొని విన్నది. "కింద ఉండే పిల్ల పేరు ఏదీ?" అని అడిగింది. ఆ పిల్ల భవనం కావలివాడి కూతురు. ఇంచుమించు మనుమడి ఈడుదే. తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన తాపీమేస్త్రీ. పరంజి మీద నుంచి జారిపడి నడుము దెబ్బతిన్నాక బరువులెత్తలేక కావలి పనిలో కుదురుకున్నాడు. పిల్ల ప్రభుత్వ పాఠశాలలో చదువుతోంది. సాయంత్రాలు మెట్ల దగ్గర కూర్చొని ఎక్కాలు వల్లిస్తుంటే ఇంట్లోకి వినిపిస్తుంది.

తల్లి వెంటనే బదులు చెప్పలేదు. ఆమెకు ఆ పిల్లపై ఇష్టం లేక కాదు. పిలిస్తే ఏదో ఒక బహుమతి తేవాలని వారు ఇబ్బంది పడతారు. తేకపోతే మిగిలిన పిల్లల మధ్య ఆ పిల్ల చిన్నబోతుంది. పిలవకపోతే మెట్ల మీద కూర్చొని లోపలి సందడిని వింటుంది. మూడింటిలో ఏది తక్కువ బాధ? చాలాసేపటికి ఆమెకు ఒక మార్గం తోచింది. బహుమతులు ఎవరూ తేవద్దని అందరికీ చెప్పింది. ఇటుకలు ఎవరివీ కావు, ఒకే కుప్ప అని కొడుకుకు నచ్చజెప్పింది. బహుమతులు లేని పుట్టినరోజు అనగానే వాడి ముఖం ముడుచుకుంది. రాత్రంతా అలిగాడు. తెల్లవారాక జాబితా తీసి చివర పదకొండో పేరు రాశాడు.

మరొక జాగ్రత్త కూడా అవసరమైంది. అతిథులలో ఒకరి తమ్ముడికి రెండేళ్ళు. చిన్న ఇటుకలు అలాంటి పసివాడి నోటికి చేరితే గొంతుకు అడ్డం పడతాయి. అందుకే మూడేళ్ళలోపు పిల్లలకు అవి పనికిరావు. ఆ వయసువారికోసం 1969లో పెద్ద ఇటుకలు వచ్చాయి. అవి పొడవు, వెడల్పు, ఎత్తులలో మామూలు ఇటుకకు రెట్టింపు. అంటే పరిమాణంలో ఎనిమిది రెట్లు. పొరుగింటివారు అలాంటివి కొన్ని ఇచ్చారు. ఇంటివారు కొన్న కొద్దిపాటి కొత్త ఇటుకల పెట్టెమీద ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్నదా అని తండ్రి చూసి మరీ తెచ్చాడు. ఆటవస్తువులకు ఆ ముద్ర 2021 జనవరి 1 నుంచి మనదేశంలో తప్పనిసరి అయింది.

పుట్టినరోజు ఉదయం పాత పద్ధతిలోనే గడిచింది. తలంటు, కొత్త బట్టలు, హారతి, అక్షతలు. సాయంత్రం అయిదు గంటలకు పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. కిందింటి పిల్ల అందరికన్నా చివర వచ్చింది. చేతులూపుకుంటూ వెళ్ళకూడదని ఆమె తల్లి ఒక ఆకు దొన్నెలో బంతిపూలు పెట్టి పంపింది. నాయనమ్మ వాటిని రెండు చేతులా అందుకొని కుప్ప పక్కనే పెట్టింది. "ఊరు కట్టాక తోటకు పూలు కావద్దూ!" అంది.

మొదటిది దోసెడు ఆట. ప్రతి పిల్లా కళ్ళు మూసుకొని కుప్పలో నుంచి ఒక దోసెడు ఇటుకలు తీసుకోవాలి. పది నిమిషాలలో వాటితో ఏదైనా కట్టాలి. కావలసిన ముక్క దొరకలేదని ఒకరిద్దరు గునిశారు. దొరికినవాటితోనే ఏనుగు, పడవ, గడియారం, ప్రకాశం బ్యారేజీ తయారయ్యాయి. ఏమీ కాని ఒక వింత ఆకారానికి దానిని కట్టినవాడు 'హోంవర్కు' అని పేరు పెట్టాడు. ఇల్లంతా నవ్వులతో నిండిపోయింది.

తరువాత ఇద్దరిద్దరు వీపుకు వీపు ఆనించి కూర్చున్నారు. ఒకరు తాము కట్టినదాన్ని మాటలతో వర్ణించాలి, రెండోవారు చూడకుండా అలాగే కట్టాలి. 'అది ఇక్కడ పెట్టు', 'ఇది అలా తిప్పు' వంటి మాటలు ఈ ఆటలో పనికిరావు. చూపించే వేలు అవతలివారికి కనబడదు గదా! కిందింటి పిల్ల మాత్రం, "ఎర్ర ఇటుకను అడ్డంగా పెట్టు. దాని ఎడమ చివర రెండు బొడిపెలు వదిలి, తక్కిన వాటి మీద పచ్చ ఇటుకను నిలువుగా ఎక్కించు" అని తీరుగా చెప్పింది. ఆమె జతగా కూర్చున్నది పుట్టినరోజు పిల్లవాడే. రెండు కట్టడాలూ పక్కపక్కన పెడితే అచ్చుగుద్దినట్టు ఉన్నాయి.

మూడోది గోపురాల పోటీ. పావుగంటలో ఎవరు ఎంత ఎత్తు కట్టగలిగితే అంత కట్టవచ్చు. తరువాత నాయనమ్మ తాటాకు విసనకర్రతో పదిసార్లు విసురుతుంది. ఆ తుపానుకు తట్టుకొని నిలిచిన వాటిలో ఎత్తయినది గెలుస్తుంది. పిల్లలు ఇటుకమీద ఇటుక నిటారుగా పేర్చుకుంటూ పోయారు. కొందరు అలాంటి వరసలు రెండు మూడు పక్కపక్కన నిలిపి ఒకే గోపురమన్నారు. చూస్తుండగానే అవి మోకాలెత్తు, నడుమెత్తు పెరిగాయి. కిందింటి పిల్ల గోపురం జానెడున్నర దాటలేదు. ఆమె ఒక వరస నేలమీద వెడల్పుగా పరిచి, దాని మీద మరో వరసను సగం సగం జరిపి అమరుస్తూ కాలమంతా గడిపింది. పక్కనున్నవాడు, "ఇంత పొట్టిదా?" అని నవ్వాడు. ఆమె తల ఎత్తలేదు.

విసనకర్ర కదిలింది. మూడో విసురుకు నడుమెత్తు గోపురం ఒరిగిపోయింది. పక్కపక్కన నిలిపిన వరసలు నిలువునా చీలి చెరోవైపు పడ్డాయి. పదో విసురు ముగిసేసరికి మూడే మిగిలాయి. వాటిలో ఎత్తయినది కిందింటి పిల్లది. అలా కట్టడం ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే ఆమె సిగ్గుపడుతూ, "మా నాన్న గోడ ఇలాగే కడతాడు" అంది.

అదే సమయానికి ఆ తండ్రి కూతురి కోసం పైకి వచ్చి గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. ఇంటి తండ్రి ఆయనను లోపలికి పిలిచి, ఆ మాట పిల్లలకు వివరించమని కోరాడు. ఆయన మొదట మొహమాటపడ్డాడు. "అదేమంత విద్య కాదు సార్, చేతి అలవాటు" అన్నాడు. తరువాత నడుము పట్టుకొని మెల్లగా చాపమీద కూర్చొని నాలుగు ఇటుకలు అందుకున్నాడు. "ఇది అతుకు. ఈ అతుకు మీద పై వరసలో నిండు ఇటుక కూర్చోవాలి. అతుకు మీద అతుకు పడిందా, గోడ అక్కడే చీలుతుంది. పై ఇటుక బరువు కింద రెండిటి మీద పడాలి. అప్పుడు ఏ ఒక్కటీ ఒంటరిగా మోయదు" అని చేసి చూపించాడు. పన్నెండు తలలు ఆయన చుట్టూ వంగాయి. మైకు లేదు, వేదిక లేదు. అయినా ఆ సాయంత్రం పిల్లలు ఊపిరి బిగబట్టి విన్నది ఆ నాలుగు మాటలనే.

ఆ తరువాత అందరూ కలిసి ఊరు కట్టడం మొదలుపెట్టారు. ఈసారి గోడలన్నీ అతుకులు తప్పించి లేచాయి. బడి కట్టారు, ఆసుపత్రి కట్టారు, బస్సులు నిలిచే చోటు కట్టారు. వంతెన ఎవరు కట్టాలన్న దగ్గర పెద్ద తగాదా వచ్చింది. తల్లి జోక్యం చేసుకోబోతే నాయనమ్మ కళ్ళతోనే వారించింది. కాసేపటికి ఇద్దరూ రెండు ఒడ్డుల నుంచి మొదలుపెట్టి నడుమ కలిపారు. కలిసినచోట ఒకవైపు ఒక వరస ఎత్తు ఎక్కువైంది. అక్కడొక మెట్టు వేసి సర్దుకున్నారు. ఊరి నడుమ బంతిపూల తోట వెలిసింది.

ఎనిమిది గంటలు కావచ్చింది. ఇటుకలను విడదీసి ఎవరింటివి వారికి అప్పగించవలసిన వేళ వచ్చింది. అంతవరకు హుషారుగా ఉన్న పిల్లవాడు ఊరికి అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు. "ఇది నా పుట్టినరోజు. నా ఊరు విప్పకూడదు" అని ఏడుపు లంకించుకున్నాడు. తండ్రి ఇచ్చిన మాటను గుర్తుచేశాడు. తల్లి ఫొటో తీసి దాస్తానంది. వాడు వినలేదు. తెచ్చిన ఎరువు తిరిగి ఇవ్వక తప్పదు. కట్టినవాడి దుఃఖమూ అబద్ధం కాదు.

నాయనమ్మ వాడిని దగ్గరకు తీసుకుంది. "కొలువు ఎత్తేనాడు మేము ఏం చేసేవాళ్ళమో తెలుసా నాన్నా? ముందుగా ఒక్క బొమ్మను పడుకోబెట్టేవాళ్ళం. అది నిద్రపోయిందంటే కొలువుకు రాత్రి అయినట్టు. అప్పుడు మిగతావాటిని మెత్తని గుడ్డలలో చుట్టి పెట్టెలో పెట్టేవాళ్ళం. మళ్ళీ ఏడు అవే బొమ్మలు, కొలువు మాత్రం కొత్తది" అంది. పిల్లవాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత వంతెన మీద నిలబెట్టిన చిన్న బొమ్మమనిషిని తీసి తోటలో బంతిపూల పక్కన పడుకోబెట్టాడు. వాడి చేతులతో వాడే మొదటి ఇటుకను ఊడదీశాడు. తక్కినవారు ఒక్కసారిగా చేతులు కలిపారు. గంటన్నర పట్టిన ఊరు పావుగంటలో మళ్ళీ కుప్ప అయింది.

వెళ్ళేటప్పుడు ప్రతి పిల్లకూ ఒక చిన్న గుడ్డసంచి ఇచ్చారు. అందులో ఎనిమిది బొడిపెల ఇటుకలు ఆరు ఉన్నాయి. అందరికీ ఆరే, అందరికీ ఒకే రకం. రెండేళ్ళ పసివాడికి మాత్రం ఏటికొప్పాక లక్కబొమ్మ ఇచ్చారు. గణితం తెలిసిన తండ్రి ప్రతి సంచికీ ఒక చీటీ కట్టాడు. ఒకే రంగువైన అలాంటి ఇటుకలు రెండింటిని 24 విధాలుగా జోడించవచ్చు. మూడింటిని 1,060 విధాలుగా జోడించవచ్చు. ఆరింటితో పొట్టివీ పొడుగువీ అన్నీ కలిపి 91,51,03,765 రూపాలు వస్తాయని కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయానికి చెందిన గణితవేత్త సోరెన్ ఐలర్స్ కంప్యూటరు సాయంతో లెక్కించాడు. అంతకుముందు చెలామణిలో ఉన్న లెక్క 10,29,81,500 మాత్రమే. అందులో ఆరు అంతస్తులుగా లేచే రూపాలనే లెక్కలోకి తీసుకున్నారు. తక్కువ ఎత్తులో అల్లుకునే రూపాలే అంతకు ఎన్నో రెట్లు ఎక్కువని తేలింది.

పిల్లల వేడుకకు ఎంత వ్యయం కావాలన్న ప్రశ్నకు ఆ చీటీలో కొంత జవాబు ఉంది. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ అనే కొలత ఆరు ఇటుకల దగ్గర నిలవదు. వాటితో ఏమి చేస్తారన్నది ఎవరి చేతిలో వారికే ఉంటుంది. పెద్దలు చేయవలసిన పనీ చిన్నదేమీ కాదు. ఎవరినీ విడిచిపెట్టకుండా పిలవడం, పసివాడి గొంతుకు ప్రమాదం రాకుండా చూడటం, అందరికీ ఒకే నియమం పెట్టడం — ఇవి పట్టు. తగాదా తీర్చుకునే అవకాశం పిల్లలకే వదలడం, గోపురం ఒరిగితే ఒరగనివ్వడం — ఇవి విడుపు. ఏది ఎక్కడ ఎంత ఉండాలో తేల్చుకోవడానికి ఆ డెన్మార్కు సంస్థకే తొమ్మిదేళ్ళు పట్టింది. ప్రతి ఇంట్లోనూ ప్రతి తల్లీ తండ్రీ దానిని మొదటినుంచి వెదుక్కోవలసిందే.

మరునాడు ఉదయం బడికి బయలుదేరిన పిల్లవాడు కావలిగది కిటికీ దగ్గర ఆగాడు. గట్టు మీద ఆరు ఇటుకలతో ఒక చిన్న గోడ నిలిచి ఉంది. అతుకు మీద అతుకు లేదు. సాయంత్రం వచ్చేసరికి గోడ లేదు. దాని చోట ఒక తలుపు తెరుచుకొని ఉంది. పిల్లవాడు పైకి పరుగెత్తి తన సంచి తెచ్చుకున్నాడు. ఆ పిల్ల గట్టు మీద కొంచెం పక్కకు జరిగి చోటిచ్చింది. ఇప్పుడు ఇటుకలు పన్నెండయ్యాయి.